మానిటర్ ఆపేసిన ఆఫీసు

మొన్న మొజంజాహీ మార్కెట్ దగ్గర రోడ్డు దాటుతుంటే, ఎడమవైపు నుంచి వచ్చిన ఆటో దాదాపు నా మీదికి వచ్చేదాకా కనబడనే లేదు. "ఏందమ్మా, గింత పెద్ద బండి కనిపిస్తలేదా?" అని అరిచి పోయాడు ఆటో అతను. నిజంగానే కనిపించలేదని అతనికేం చెప్పను! ఆ భయంతో వెళ్తే, బషీర్‌బాగ్‌లో కళ్ళ డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, చూపు పక్కల నుంచి మూసుకుపోతోందనీ, పోయింది ఇక తిరిగి రాదనీ, మందులు వాడితే ఉన్నది కొన్నాళ్ళు నిలవొచ్చనీ మెల్లగా చెప్పి, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. మా మేనమామ గుర్తొచ్చాడు.

వెబ్‌సైట్ అంటే జనం వింతగా చూసే రోజుల్లో, మామ ఆబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం పైన రెండు గదులు కిరాయికి తీసుకుని వెబ్‌సైట్లు చేసిపెట్టే ఆఫీసు తెరిచాడు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఊరికే కూర్చున్న నన్ను లాక్కెళ్ళి కంప్యూటర్ ముందు పడేశాడు. నాంపల్లి స్టేషన్ ఎదుటి లాడ్జీల వాళ్ళూ చీరల కొట్ల వాళ్ళూ మా గిరాకీలు. వాళ్ళకు మెరిసే బొమ్మలు, పరుగెత్తే అక్షరాలు కావాలి. మీలో ఆ కాలం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నాకూ ఆ సోకులే ఇష్టం, పేజీ మొత్తాన్ని ఒకే పెద్ద రంగుల బొమ్మగా చేసి పెట్టి మురిసిపోయేదాన్ని.

మామ వచ్చి టక్కున మానిటర్ ఆపేసేవాడు. మౌస్ కూడా లాగేసుకునేవాడు. తెర మీదిది చదివి వినిపించే ప్రోగ్రాం ఒకటి ఉండేది, జలుబు చేసిన మనిషిలా మాట్లాడేది. ఇక కీబోర్డు నొక్కుకుంటూ, ఆ గొంతు చెప్పింది వింటూ, ఆ చీకటి తెర ముందు నేను లాడ్జిలో గది బుక్ చేసి చూపించాలి. నా రంగుల బొమ్మ దగ్గరికి రాగానే అది "ఇమేజ్" అని నోరు మూసుకునేది. బొమ్మ ఉంటే అదేమిటో మాటల్లో రాయాలనీ, బటన్‌కు పేరుండాలనీ, శీర్షికను శీర్షికగానే గుర్తించి పెట్టాలనీ, వెబ్ స్టాండర్డ్స్ అంటే అందరూ ఒప్పుకున్న ఆ పద్ధతులేననీ, అలా రాస్తే ఏ కంప్యూటర్‌లోనైనా, ఎవరికైనా పేజీ పలుకుతుందనీ మళ్ళీ మొదటి నుంచి చేయించేవాడు. నాకు ఒళ్ళు మండేది. నాంపల్లి నెట్ సెంటర్లలోని డొక్కు కంప్యూటర్లలో కూడా మా పేజీలు చకచకా తెరుచుకుంటుంటే మాత్రం, అబద్ధమెందుకు, కాస్త పొగరుగానే ఉండేది.

ఒక సాయంత్రం మార్కెట్లో నాకు ఐస్‌క్రీం ఇప్పించి అత్త చెప్పింది: "మీ మామకు కండ్లు పోతున్నయి బిడ్డా. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు." చాదస్తమని నేను తిట్టుకున్నదంతా ఆయన తనకోసం చేసుకుంటున్న తయారీ. ఎంత ఏడ్చానో ఆ రోజు. తర్వాత చూపు పూర్తిగా పోయినా చాలా ఏళ్ళు రైలు టికెట్టు, కరెంటు బిల్లు అన్నీ కంప్యూటర్‌లో ఆ గొంతు వింటూ ఆయనే చూసుకున్నాడు, ఎవరినీ చెయ్యి పట్టుకోమని అడగలేదు.

డాక్టరమ్మ దగ్గర్నుంచి వచ్చాక ల్యాప్‌టాప్ తెర నల్లగా చేసి, ఆ ఆసుపత్రి పేజీలోనే మళ్ళీ అపాయింట్‌మెంట్ తీసుకోబోయాను. ఇప్పుడా గొంతు ఎంత తియ్యగా ఉందో! "బటన్" అంది. ముందుకు జరిగాను. "బటన్." ఇంకా ముందుకు. "బటన్." ఏ బటనో చెప్పదు. కళ్ళ ఆసుపత్రి పేజీ అండీ అది!

కాచిగూడలో ఉన్న మామకు ఫోన్ చేసి, నీకూ ఇలాగే అంటుందా అని అడిగాను. "ఔ, మస్తు రోజుల సంది గట్లనే అంటున్నది. ఇప్పుడు టికెట్టుకు గూడ మీ అత్తనే బతిమాలుతున్న" అన్నాడు. "నీకు గూడనా బిడ్డా?" అని అడిగాడు. ఔనన్నాను.

ఈనాటి పేజీలు ఎంత అందంగా ఉన్నాయో, కళ్ళున్నంత కాలం చూసి మురిసిపోవచ్చు. మానిటర్ ఆపేసే మనిషి ఇప్పుడు ఏ ఆఫీసులోనైనా ఉన్నాడో లేడో. నేను మాత్రం రోజూ కాసేపు తెర నల్లగా చేసుకుని ఆ పేజీలు వింటూ కూర్చుంటున్నాను. బటన్, బటన్ అంటూనే ఉంటుంది. ఇంకా చూపుంది గనక, భయమేసినప్పుడు తెర వెలిగించుకుంటున్నాను.