ఆఖర్న చెయ్యి పెట్టిందెవరు?

పసుపూ డీజిలూ కలిసిన వాసన మీరెప్పుడైనా చూశారో లేదో. మా పడవలో ప్రతి దసరాకీ వస్తుంది. ఆయుధపూజనాడు పొద్దున్నే జనరేటరుకి పసుపు రాసి కుంకుమ పెడుతుంటే ఆ రెండు వాసనలూ కలిసి ముక్కుకెక్కుతాయి. ఈ ఏడూ ఎక్కాయి. డీజిలు డబ్బా మూత దాకా వెళ్ళిన చెయ్యి దానంతటదే ఆగిపోయింది. వెనకాల ఎవరో నవ్వినట్టయి తిరిగి చూశాను. కృష్ణా నది తప్ప ఎవరూ లేరు. అలా నవ్వే మనిషి పోయి రెండేళ్ళయింది.

ఆయన జిలానీ గారు. విజయవాడ వన్ టౌన్‌లో పాత ఇనుము అమ్మే సందులో, ఇద్దరు నిలబడితే నిండిపోయే షెడ్డు ఆయనది. బోటు ఇంజన్లు బాగుచేసేవారు. నా చదువు రెండో తరగతితో సరి. ఇది కూడా నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. కానీ ఆగిపోయిన మిషను ముందు నిలబడితే దాని బాధేమిటో కనుక్కోగలను. ఆ చదువు ఆయన పెట్టిన భిక్ష.

మా ఆయన ఓ వేసవిలో పోయాడు. నాకు మిగిలింది పడవ ఒక్కటే. ఘాటు దగ్గర జనాన్ని ఎక్కించుకుని నదిలో లంకల దాకా తిప్పి తెచ్చే పడవ. కార్తీకమాసం వనభోజనాలే మాకు పంట. అందులోని జనరేటరు బందరు వైపు పాతబడ్డ సముద్రం బోటులోంచి ఊడదీసి తెచ్చింది. లైట్లూ, మైకూ, పడవ అడుగున ఊరే నీళ్ళు తోడే పంపూ అన్నీ దాని మీదే నడవాలి. అది ఆగితే పడవ ఒడ్డు దాటకూడదు. దినాలు అయ్యాయో లేదో మా మరిది వచ్చి, "ఇనుముతో నీకెందుకు వదినా? అమ్మేసి ఇంటి పట్టున ఉండు" అన్నాడు. మర్నాడు జిలానీ గారి షెడ్డుకి వెళ్ళి, పని నేర్పమని అడిగాను.

"వంట వచ్చామ్మా నీకు?" అన్నారు తలెత్తకుండా.

ఒళ్ళు మండింది. "మిషను గురించి అడుగుతుంటే వంటంటారేంటండీ?"

"పప్పు ఉడికిందో లేదో మూత తియ్యకుండా ఎట్టా తెలుస్తది?"

"చప్పుడు మారుద్ది కదండీ."

"సగం వచ్చేసినట్టే. రేపట్నుంచి రా."

నెల తిరక్కుండానే వానలు పడ్డాయి, జనరేటరు వేడెక్కి ఆగింది. నేను ఆత్రంగా స్పానరు అందుకున్నాను. ఆయన నా మణికట్టు మీద ఒక్కటి తగిలించారు. "ముందు చెవి. తర్వాత చెయ్యి. ఆఖర్న స్పానరు." పొడవాటి స్క్రూడ్రైవరు మొన, ఇంజను చల్లబడ్డానికి నదిలోంచి నీళ్ళు లాగే పంపుకి ఆనించి, పిడి నా చెవి దగ్గర పెట్టి, ఇంజను తిప్పారు. లోపల నీళ్ళ చప్పుడు లేదు, ఉత్త గరగర. అప్పుడు మొదటిసారి ఆ ప్రశ్న అడిగారు, "ఆఖర్న చెయ్యి పెట్టిందెవరు?" అని.

"ఎవరూ పెట్టలేదండీ."

"ఎవరో పెట్టే ఉంటారు. మనిషి పెట్టకపోతే కృష్ణమ్మ పెట్టుద్ది."

నిజమే. గొట్టంలోకి చెయ్యి దూర్చి లాగితే గుర్రపుడెక్క వేళ్ళు జడలు జడలుగా వచ్చాయి. బాగా నడుస్తున్నది ఉన్నట్టుండి ఆగిందంటే, మధ్యలో ఏదో మారిందని ఆయన లెక్క. ఆ మారినదేదో పట్టుకోకుండా బోల్టులు విప్పేవాణ్ణి చూస్తే ఆయనకి ఒళ్ళు మంట. అడక్కుండానే విప్పితే ఇంకో జబ్బు తగిలిస్తావు అనేవారు.

ఆ ఏడు దసరా వచ్చింది. ఏటా పడవకి పూజ చేసేది మా ఆయనే. ఈసారి నేను చేస్తానన్నాను. "బొట్టు తీసేసినదానివి, నువ్వు పెట్టేదేంటి వదినా, అరిష్టం" అన్నాడు మరిది. ఆ మాటకి నాకు మొండితనం వచ్చింది. గిన్నె నిండా పసుపు కలిపి, మందంగా, ఒక్క భాగం కూడా వదలకుండా పూసి, కుంకుమ అద్దాను.

ఆ మర్నాటి నుంచే జనరేటరు మొరాయించింది. చక్కగా అందుకుంటుంది, ఇరవై నిమిషాలు నడుస్తుంది, తర్వాత ఆయాసపడి, మూలిగి, ఆగిపోతుంది. కాసేపాగి తిప్పితే మళ్ళీ ఇరవై నిమిషాలు. జిలానీ గారు కంటి ఆపరేషనుతో ఇంట్లో ఉన్నారు. వేరే మెకానిక్కుని పిలిస్తే ఫిల్టరు మార్చాడు, గొట్టాలు మార్చాడు. మార్చిన ప్రతిసారీ నడిచేది, అతను సంచి సర్దుకునేలోపు ఆగేది. కార్తీకం ముందు పడవల్ని పరీక్షించే ఇన్‌స్పెక్టరు గారు రానే వచ్చారు. జనరేటరు గంటసేపు ఆగకుండా నడవాలి, లేకపోతే ఆ సీజనుకి పర్మిట్టు ఉండదు. మరిది పడవ కొనే మనిషిని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

సరిగ్గా అప్పుడు ఆటోలోంచి నల్లకళ్ళద్దాలతో జిలానీ గారు దిగారు. "వంగొద్దన్నాడు డాక్టరు. నేను కూర్చుంటా, నువ్వు చూడు" అన్నారు.

తిప్పాను. ఇరవై నిమిషాలకి ఆగింది.

"ఇంకొక్కసారి చూస్తానమ్మా, అంతే" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"నే చెప్పానా? ఆ చేత్తో బొట్టు పెట్టొద్దని" అన్నాడు మరిది, అందరికీ వినపడేలా.

జిలానీ గారు గడ్డం నిమురుకున్నారు. "డీజిలు పంపు పోయుంటదమ్మా. ఊడదీ."

స్పానరు తీసుకున్నాను. బోల్టుకి తగిలించాను కూడా. అప్పుడాగి, "ముందు చెవి అన్నది మీరే కదండీ" అన్నాను. ఆయన తల పంకించి, కానిమ్మన్నట్టు చెయ్యి ఊపారు.

నేను మొదట్నుంచీ తలుచుకున్నాను. ఇది ఆగిన ప్రతిసారీ నేనేం చేస్తున్నాను? డీజిలు ఉందో లేదో పుల్ల ముంచి చూస్తున్నాను. ఇప్పుడూ అదే చేద్దామని డబ్బా మూత పట్టుకున్నాను. బిగుసుకుపోయి ఉంది. బలంగా తిప్పితే డబ్బా 'టప్' మంది. ఆ చప్పుడు వారం రోజులుగా వింటూనే ఉన్నాను. రేకు చప్పుడేలే అనుకున్నాను. ఈసారి చెయ్యి అక్కడే ఉంచాను. డబ్బాలోకి గాలి సుయ్యిమని దూరుతోంది. లోపలికి లొత్తపడిన రేకు మళ్ళీ ఉబ్బి యథాస్థానానికి వస్తోంది.

మూత పైకెత్తి చూశాను. మధ్యలో సన్నటి చిల్లు ఉండాలి. డీజిలు తగ్గేకొద్దీ ఆ జాగాలోకి గాలి రావడానికి పెట్టిన చిల్లు. గాలి రాకపోతే డబ్బా డీజిలుని వదలదు, ఇంజనుకి అందదు. పుల్ల ముంచడానికి మూత తీసినప్పుడల్లా గాలి దూరేది, అందుకే మళ్ళీ ఇరవై నిమిషాలు నడిచేది. ఆ చిల్లు మీద నా పసుపు గచ్చులా ఎండిపోయి ఉంది. దాని మీద నా కుంకుమబొట్టు, గురి చూసి పెట్టినట్టు. ఆఖర్న చెయ్యి పెట్టింది నేనే.

ఒకప్పుడు పుస్తెలతాడుకి ఉండే పిన్నీసు నా కొంగుకి ఉంది. దాంతో చిల్లు పొడిచి, మూత బిగించి, హ్యాండిలు తిప్పాను. ఇరవై నిమిషాలు దాటాయి. మరిది వాచీ చూసుకున్నాడు. అరగంటకి కొనడానికొచ్చిన మనిషి చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ముప్పావుగంటకి ఇన్‌స్పెక్టరు గారు టీ తెప్పించుకున్నారు. గంట దాటాక కూడా అది ఆగలేదు. నేనే ఆపాను.

"తప్పు నాదేనండీ. పసుపు పూసి ఊపిరాడకుండా చేశాను" అని అందరి ముందూ చెప్పాను. దాచుకోవాలనిపించలేదు.

మరిది అందుకున్నాడు. "చూశారా, ఈవిడ చెయ్యి పెట్టబట్టే!"

"చేతిలో దోషం లేదబ్బాయ్, పసుపే కాస్త మందమైంది" అన్నారు జిలానీ గారు. "నేనైతే పంపు విప్పించి ఈపాటికి బోల్టులు ఏరుకుంటా ఉండేవాణ్ణి. కనిపెట్టింది ఈ అమ్మాయి." తర్వాత నా వైపు తిరిగి, "మా ఇంట్లో పసుపు కూరల్లోనే వేస్తార్లేమ్మా. అందుకే నాకు తట్టలా" అని, పడవ ఊగేట్టు నవ్వారు. ఆ పిన్నీసు అడిగి పుచ్చుకున్నారు. షెడ్డులో మేకుకి తగిలించి, వచ్చినవాళ్ళందరికీ చూపించి ఈ కథ చెప్పేవారు. తను పొరపడ్డ సంగతి ఏనాడూ దాచలేదు. ఆయన పోయాక వాళ్ళమ్మాయి దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టింది.

ఇప్పుడు ఘాటులో ఏ పడవ ఇంజను మొరాయించినా నన్నే పిలుస్తారు. మా మరిది కూడా తన పడవ ఆగితే, "వదినా, ఒక్కసారి చెవి పెట్టవా" అంటాడు. వెళ్తాను. ఆ ప్రశ్న అడుగుతాను. నా మిషనైతే ముందు నన్నే అడుక్కుంటాను.

ఈ దసరాకీ డబ్బా పొట్ట మీద మందంగా పసుపు పూసి, పెద్ద బొట్టు పెట్టాను. మూతని తడిగుడ్డతో తుడిచి, కొంగున ఉన్న పిన్నీసు తీసి చిల్లులో ఓసారి ఆడించాను. హ్యాండిలు అందుకున్నాను. ఒక్క తిప్పుకే పలికింది.