పొగ హాజరు

ఆర్మూరులో పసుపు పొడి మిల్లు బాయిలర్ మండించే నడిపయ్యకు హాజరు రెండు చోట్ల పడేది. ఒకటి గేటు దగ్గర వేలు పెట్టే మిషన్లో. రెండోది ఆకాశంలో. మొదటిది సేటు రఘునందన్ చూసేవాడు. రెండోది నడిపయ్య భార్య ముత్తవ్వ చూసేది. సేటు దగ్గర అప్పుడప్పుడు మాఫీ దొరికేది గానీ ముత్తవ్వ దగ్గర ఆ మాటే లేదు.

సంగతేమిటంటే, నాలుగేళ్ళ కిందటి దాకా పొద్దు వాలితే చాలు, పని మధ్యలోనే నడిపయ్య కాళ్ళు వాటంతట అవే కల్లు దుకాణం దారి పట్టేవి. చూసి చూసి ముత్తవ్వ ఓ సోమవారం మొగుణ్ణి సిద్ధులగుట్ట ఎక్కించి దేవుడి ముందు ఒట్టు పెట్టించింది. "మళ్ళ ముట్టినవంటే నందిపేట్ల మా తమ్మునింటికి పోత. బతిమిలాడినా రాను," అంది. అన్నంత పనీ చేసే మనిషే.

ఒట్టు పెట్టించడం ఒక ఎత్తు, కాపలా కాయడం ఒక ఎత్తు. వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతూ తలెత్తితే ఆమెకు మిల్లు చిమ్నీ కనిపిస్తుంది. నిప్పు లేనిదే పొగ రాదు, మొగుడు లేనిదే ఆ నిప్పు ఉండదు. కాబట్టి పొగ ఎంత నల్లగా ఉంటే మొగుడు అంత బుద్ధిమంతుడని ఆమె లెక్క. నడిపయ్యకు కూడా ఆ నలుపంటే మహా గర్వం. "భీమ్‌గల్ బస్సు దిగినోళ్ళకు సుత నా పొగ కనవడ్తది," అని చెప్పుకునేవాడు.

ఇలా సాగుతున్న కాపురంలోకి రజని వచ్చింది. నిజామాబాద్ పిల్ల, ఇంజనీరు. కరెంటు, నీళ్ళు, ఇంధనం ఎక్కడెక్కడ దుబారా అవుతున్నాయో పట్టుకోవడం ఆమె ఉద్యోగం. పసుపు కొమ్ములు ఉడికించే ఆవిరి కోసం బాయిలర్ వరి ఊకను లారీలకు లారీలు మింగుతోందని సేటే ఆమెను పిలిపించాడు. రజని రెండు రోజులు మిల్లంతా తిరిగి, మూడో రోజు చిమ్నీ వైపు వేలు చూపింది.

"కాకా, అది ఒట్టి పొగ కాదు. మీరేసిన ఊకనే సగం కాలి పైకి పోతుంది."

నడిపయ్యకు తల తీసేసినట్టయింది. పందొమ్మిదేళ్ళుగా తను ఊరంతటికీ చూపించుకున్నది తన దుబారానే అన్నమాట! దానికి తోడు సేటు నెల గడువు పెట్టాడు. ఊక నాలుగో వంతు తగ్గాలి, లేకపోతే ఆటోమేటిక్ బాయిలర్ వస్తుంది. దానికి బటన్ నొక్కే వేలు చాలు, నడిపయ్య అక్కర్లేదు.

గంపల కొద్దీ కుమ్మరించకుండా నాలుగు నిమిషాలకోసారి పారెడు ఊక చల్లమంది రజని. తడి ఊకను ఆరబెట్టి వెయ్యమంది. గాలి తలుపు ఎంత తెరవాలో సుద్దముక్కతో గీత గీసి చూపింది. మోరీలో పోయే వేడినీళ్ళను పట్టి మళ్ళీ బాయిలర్ తొట్టిలోకి మళ్ళించింది. నడిపయ్య సణుగుతూనే అన్నీ చేశాడు. నాలుగో రోజుకల్లా చిమ్నీ మీద ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. మంట ఉందో లేదోనని తనే రెండుసార్లు వంగి చూసుకున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి గుమ్మంలో చీరల సంచి కట్టి ఉంది.

"ఎంత తాగినవ్?" అంది ముత్తవ్వ.

"తాగలే."

"నోరు తెరువు." తెరిచాడు. పసుపు వాసన తప్ప ఏమీ రాలేదు. "ఓహో, వాసన రాకుండ పసుపు నమిలి వచ్చినవా?"

"పొగ రాకుండ చేసుడే గిప్పుడు నా పని, ముత్తీ!"

"గిసొంటి అబద్ధం పుట్టినకాడికెళ్ళి ఇనలే."

అడకత్తెరలో పోకచెక్కయ్యాడు నడిపయ్య. పొగ వస్తే ఉద్యోగం పోతుంది, రాకపోతే పెళ్ళాం పోతుంది. రాత్రంతా ఆలోచించి ఓ ఉపాయం కనిపెట్టాడు. మర్నాటి నుంచి రోజూ పదకొండింటికో గంపెడు, మూడింటికో గంపెడు తడి ఊక పోసేవాడు. చిమ్నీ నల్లగా ఓసారి తుమ్మేది. అక్కడ ముత్తవ్వ నిమ్మళంగా బీడీకి దారం చుట్టుకునేది. చీరల సంచి మళ్ళీ పెట్టెలోకి పోయింది.

వారం తిరక్కుండానే రజని కాగితాలు పట్టుకొచ్చింది. "కాకా, దినాం పదకొండుకు, మూడింటికి ఊక ఎందుకు ఎక్కువ అయితుంది?"

నడిపయ్య నేలచూపులు చూశాడు. "ఇంటికి హాజరు పంపుతున్న, మేడం."

కథంతా విని రజని నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వుతోనే స్కూటీ వేసుకుని ముత్తవ్వ వాకిట్లో దిగి సంగతంతా చెప్పింది. ముత్తవ్వ బీడీల చాట పక్కన పెట్టి శ్రద్ధగా విన్నది.

"ఆరని తంబాకు బీడీ గూడ గంతే. పొగ జాస్తి, మంట తక్కువ. గిది గూడ గసొంటిదేనా?"

"అచ్చం గంతే, అవ్వా."

సాయంత్రం మొగుడు వచ్చేదాకా ఆగి అందుకుంది. "పందొమ్మిదేండ్ల సంది సేటు ఊకను ఆకాశంల పోసినవా? సిగ్గుండాలె!" ఏ గాలి వీచినా దుమ్ము తన కంట్లోనే పడుతుందని నడిపయ్యకు అర్థమైంది. కానీ చిమ్నీ తుమ్ములు ఆగిపోయాయి. నెలాఖరుకు ఊక నాలుగో వంతు కంటే ఎక్కువే తగ్గింది. సేటు స్వీటు డబ్బా చేతిలో పెట్టి, కొత్త బాయిలర్ మాట మరిచిపోయాడు.

అంతా బాగానే ఉంది. అయితే ఓ మధ్యాహ్నం నడిపయ్య బుర్రలో సైతాను దూరింది. ఇప్పుడు తను ఉన్నా పొగ లేదు, లేకపోయినా పొగ లేదు. మరి ముత్తవ్వకు ఎట్ల తెలుస్తది? గంట దాకా సరిపోయేలా పొయ్యి నిండా ఊక కుక్కి, వెనక గేటు నుంచి జారుకున్నాడు. నాలుగేళ్ళ తర్వాత కల్లు ముంత చేతికి వచ్చింది. పెదాల దాకా ఎత్తాడు.

ముంత అంచు మీదుగా చిమ్నీ కనిపించింది. చిన్న చిన్నగా వెయ్యాల్సిన ఊక ఒక్కసారే కుక్కితే ఏమవుతుంది? పందొమ్మిదేళ్ళలో ఎన్నడూ రానంత నల్లటి పొగ, భీమ్‌గల్ బస్సుకే కాదు, మెండోర దాకా కనబడేలా లేస్తోంది. జేబులో ఫోను మోగింది. ముత్తవ్వ.

ముంత కింద పెట్టి ఉరికాడు. మిల్లులోకి వచ్చి పడ్డాడు, గాలి తలుపు లాగాడు, ఊకను కెలికాడు, చేతులు కాలినా చూసుకోలేదు. పావుగంటకు పొగ పలచబడింది. ఆ తర్వాత ఆకాశం తేటబడింది. అప్పుడు గానీ మోగుతూనే ఉన్న ఫోను ఎత్తడానికి ధైర్యం రాలేదు.

"ముట్టలే ముత్తీ, గుట్ట మీద ఒట్టు. ముంత ఎత్తిన గానీ తాగలే," అన్నాడు రొప్పుతూ. అబద్ధం ఆడటానికి ఊపిరి చాల్లేదు.

నడిపయ్యకు చీరల సంచి కళ్ళ ముందు మెదిలింది, నిజంగానే ఏడుపొచ్చింది.

"తెలుసు," అంది ముత్తవ్వ. "తాగినోడు గింత జల్ది పొగ ఆపలేడు. ఆకాశం దిక్కే మొగం పెట్టి చూస్తున్న. ఆఁ, పొగ పోయింది, గిప్పుడు కనవడుతున్నవ్."