అత్త విప్పడం మరిచిన ముడి

మొన్న పొద్దున మా మేనత్త పోయింది. టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకుందట. మళ్లీ లేవలేదు. ఈ దీవిలో డైరీ ఫార్మ్ అనే పేటలో మా పక్కిల్లే ఆవిడది. కబురు నా భార్యే తెచ్చింది.

రెండేళ్ల కిందట నాకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. జెట్టీలో ఓడల తాళ్లు లాగిన చెయ్యి! కాలు త్వరగానే కోలుకుంది, చెయ్యి మాత్రం మొండికేసింది. యాభై దాటిన మగవాణ్ణి, నా భార్య ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే సిగ్గుతో చచ్చేవాణ్ణి. చర్చిలో ప్రేమవిందుకు వెళ్లడం మానేశాను. నా అన్నం నేను మళ్లీ తినగలనా? రాత్రింబవళ్లు అదే దిగులు.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే దీదీ ఒక ఉపాయం చెప్పింది. రోజూ కాసేపు మంచి చేతిని కట్టేస్తే, పడిపోయిన చెయ్యి తప్పనిసరై పని నేర్చుకుంటుందట. నా భార్యకు మనసొప్పలేదు. అత్తకు ఒప్పింది. శ్రీకాకుళం నుంచి కొత్త పెళ్లికూతురుగా ఓడెక్కి వచ్చిన మనిషి, జాలిపడుతూ కూర్చునే రకం కాదు. నా భార్య స్కూలు డ్యూటీకి వెళ్లగానే తువ్వాలుతో దిగేది. నా ఎడమ చేతిని నడుముకు కట్టి, అందకుండా ముడి వీపు వైపు వేసేది. ముందర ఎండు వక్కలు పోసేది.

"ఏటలా సూస్తన్నావు? గిన్నెలోకి ఏరు. ఫిర్ సే, మల్లీ!"

"నొప్పెడతంది అత్తా."

"నొప్పెడితే బతికుందన్నమాటేరా. చలో!"

తిట్టేది. తిట్టాక వేళ్లకు కొబ్బరి నూనె రాసేది. అంత మొరటు చేతుల్లో ఆ మెత్తదనం ఎక్కడ దాచుకుందో!

ఒకరోజు నన్ను కట్టేసి, అన్నం, చేపల పులుసు వడ్డించి మూతపెట్టి, అవతలి ఒడ్డున బ్యాంబూఫ్లాట్‌లో ప్రార్థన కూటమంటూ చాతం రేవులో ఫెర్రీ పడవకు పరుగెత్తింది. ముడి విప్పలేదు. మధ్యాహ్నం దాటింది. ఆకలి, ఒళ్లు మండే కోపం. మీరు నవ్వుతారేమో గాని, ఆవిణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. చివరికి కుడి చెయ్యే పళ్లెంలో పెట్టాను. సగం ఒళ్లో పడింది, పావు నేలపాలైంది. ఒక ముద్ద నోట్లోకి వచ్చింది. తింటూనే ఏడ్చాను.

సాయంత్రం అత్త వచ్చి నెత్తి బాదుకుంది. "అయ్యో, నా మతి మండిపోను! ఆకలికి సచ్చిపోనావేటిరా?" అంటూనే నా మూతికి అంటుకున్న మెతుకులు చూసి ఆగిపోయింది. కొంగుతో నా మూతి తుడిచి, అదే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

కావాలనే చేశావు కదా అని ఎన్నిసార్లు అడిగినా, "దేవుని తోడురా, మర్సిపోనాను," అనేది. నేను ఇప్పటికీ నమ్మను. ఈ చెయ్యి ఆవిడ పెట్టిన భిక్ష.

సమాధి దగ్గర అందరూ గుప్పెడేసి మట్టి వేశారు. నేను కుడి చేత్తోనే తీసుకున్నాను. పట్టుకోవడం వచ్చింది గాని, వదలడం నాకింకా సరిగా రాదు. వేళ్లు బిగుసుకుపోయాయి. పాస్టరుగారు సాయానికి చెయ్యి చాపారు.

"ఉండండయ్యా, నేనే వేస్తాను."

నా వెనక వరస ఆగిపోయింది. ఎవరూ తొందరపెట్టలేదు. చిటికెన వేలు ముందు కదిలింది, తర్వాత మిగతావి ఒక్కొక్కటే. తడిమట్టి కొంచెం కొంచెంగా అత్త పెట్టె మీదికి రాలింది.