నాగరాజు సంతోషంగా పోలేదు

నిన్న పొద్దున వాన ఆగలేదు.

తోటలో మామిడి చెట్ల మధ్య నీళ్ళు నిలిచాయి. ఆదివారమైనా పారలు పట్టుకుని కాలువలు తీస్తున్నాం.

నాగరాజు భార్య లత ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఈయన లేవడం లేదు. అంబులెన్స్ వాళ్ళొచ్చారు. ఏదో చేస్తున్నారు."

పార అక్కడే పడేసి వెళ్ళాను. తోట నుంచి డార్విన్‌లో వాళ్ళింటికి చేరేసరికి వాళ్ళు చేయడం ఆపేశారు.

గుండెపోటు.

మనలో చాలామంది ఈ ఊరి యూనివర్సిటీకి వచ్చింది వీసా పాయింట్ల కోసం. అవి రాగానే సామాను సర్దుకుని మెల్‌బోర్న్ వెళ్ళిపోయారు. అక్కడి వెర్రిబీలో ఇళ్ళు కట్టుకున్నారు. తప్పేమీ కాదు. నాగరాజు మాత్రం ఉండిపోయాడు. ఆసుపత్రిలో ఎక్స్-రేలు తీసే ఉద్యోగం చేసుకున్నాడు. ఎందుకున్నావురా అంటే యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరు చెప్పేవాడు. నాలుగు క్వార్టర్లు ఆడే ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌లో ఏటా అడుగున ఉండే జట్టు. మనమంతా నవ్వేవాళ్ళం.

ఇక్కడ మైదానం చుట్టూ కార్లు పెట్టుకుని ఆట చూస్తారు. తమవాళ్ళు గోల్ కొడితే హారన్ కొడతారు. మొదటి ఏడాది ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు. ఎవరు గోల్ కొట్టినా నాగరాజు హారన్ కొట్టేశాడు. హాఫ్ టైమ్‌లో అవతలి జట్టు తరఫు ఒక పెద్దావిడ బ్రెడ్‌లో సాసేజ్ పెట్టి తెచ్చింది.

"మాకున్న అభిమానుల్లో నువ్వే బెస్ట్, మేట్" అంది.

థాంక్యూ చెప్పి తినేశాడు. ఆవిడ వెళ్ళాక నా వైపు తిరిగాడు.

"ఏరా, ఇంతకీ మనవాళ్ళెవరు?"

తర్వాత ఎప్పుడూ పొరపడలేదు. జట్టు ఓడిన ప్రతిసారీ కారు దిగి, బురదలో నడిచి వెళ్ళి, ఒక్కొక్క కుర్రాడి భుజం తట్టి వచ్చేవాడు. ఏటా కుర్రాళ్ళు మారిపోయేవాళ్ళు. ఇతను మారలేదు.

శనివారం జట్టు ఫైనల్ గెలిచింది. మీ అందరికీ తెలుసు.

నిన్నటి నుంచి మన వాట్సాప్ గ్రూపులో కామెంట్లు చూస్తున్నాను. "గెలుపు చూసి పోయాడు, అదృష్టవంతుడు." "హ్యాపీగా వెళ్ళాడు." చేతులు జోడించిన బొమ్మలు. పక్కనే ఫుట్‌బాల్ బొమ్మ.

శనివారం నేను అతని పక్క సీటులో కూర్చున్నాను. అందుకే రాస్తున్నాను.

హాఫ్ టైమ్‌లో ఎడమ భుజం రుద్దుకున్నాడు. సరిగా పడుకోలేదన్నాడు. మూడో క్వార్టర్‌లో చొక్కా తడిసిపోయింది. మార్చిలో ఇక్కడ అందరి చొక్కాలూ తడుస్తాయి. కానీ మొహం బూడిద రంగుకు వచ్చింది.

"పద, ఆసుపత్రి దగ్గరే" అన్నాను.

"ఎంత దగ్గరో నాకు చెబుతావా? వెళితే ఇక బయటికి వదలరు. రోజూ చూస్తున్నానుగా. కూర్చో."

"బుద్ధుందా నీకు?"

"ఒక్క క్వార్టర్ రా బాబూ. ఇన్నేళ్ళు ఓడిపోతుంటే కూర్చున్నాను. గెలిచే రోజు లేచి పొమ్మంటావా?"

కారు అతనిది. తాళం అతని దగ్గరుంది. రెండోసారి అడిగితే తిట్టాడు. ఆ తిట్టు ఇక్కడ రాయను.

చివర్లో వాన ఎక్కువైంది. బంతి సబ్బులా జారుతోంది. స్కోర్లు సమానం. సన్నగా పొడుగ్గా ఉన్న కుర్రాడు మూల నుంచి తన్నాడు. బంతి నేల మీద పడి, అడ్డంగా ఎగిరి, స్తంభాల మధ్య నుంచి పోయింది. ఆట ముగిసిన సైరన్ మోగింది.

మంచి గెలుపు. కాదనను. నేనూ డ్యాష్‌బోర్డు మీద గుద్ది అరిచాను.

పక్కకు చూస్తే నాగరాజు కుడిచేత్తో హారన్ నొక్కుతున్నాడు. ఎడమ చెయ్యి ఒళ్ళో ఎవరిదో సంచీలా పడి ఉంది.

కుర్రాళ్ళు గుండ్రంగా నిలబడి జట్టు పాట పాడారు. నాగరాజు కారు దిగలేదు. అన్ని ఓటములకూ దిగినవాడు ఆ ఒక్కరోజు దిగలేకపోయాడు.

"తగ్గిందిరా. స్నానం చేసి పడుకుంటా" అని, నన్ను నా బండి దగ్గర దింపి, తనే నడుపుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపాగి లతకు ఫోన్ చేశాను. అతనే ఎత్తాడు. "నిద్రొస్తోంది, పెట్టెయ్" అన్నాడు.

నిన్న లత నన్ను ఒకటే అడిగింది.

"నొప్పి ఎప్పుడు మొదలైంది అన్నయ్యా?"

"హాఫ్ టైమ్‌లోనమ్మా."

"నాతో గ్యాస్ అన్నారు." తర్వాత అంది, "అయితే ఆట అయ్యేదాకా కూర్చున్నారన్నమాట."

అవునన్నాను.

మధ్యాహ్నం ఇద్దరు జట్టు కుర్రాళ్ళు వచ్చారు. బూట్లు గుమ్మం బయట విడిచి, తడి సాక్సులతో లోపలికొచ్చారు. శవపేటిక మీద కప్పడానికి జట్టు జెండా తెచ్చారు. అందులో ఒకడు ఏడ్చాడు. వాళ్ళ తప్పు ఏమీ లేదు. ఇరవై ఏళ్ళవాళ్ళు. చదువైపోగానే వాళ్ళూ దక్షిణానికి వెళ్ళిపోతారు.

లత జెండా ముట్టుకోలేదు.

"నో, థాంక్యూ. టేక్ ఇట్ బ్యాక్" అంది.

నాగరాజు వాళ్ళ పాప తన తల్లి వైపు చూసింది. "హి వుడ్ హావ్ లైక్డ్ ఇట్, మమ్" అంది.

"తెలుసు. అందుకే వద్దంటున్నా" అంది లత.

కుర్రాళ్ళు జెండా మళ్ళీ మడతపెట్టుకున్నారు.

మీరు వెర్రిబీ నుంచి ఏం రాసినా రాయండి. మంచి స్నేహితుడని రాయండి, నిజమే. మొండివాడని రాయండి, అదీ నిజమే. అదృష్టవంతుడని మాత్రం రాయకండి. లత ఆ గ్రూపులో ఉంది. చదువుతోంది.

నాగరాజూ, ఇక ఏ నొప్పీ ఓర్చుకోనక్కర్లేదు. హాయిగా పడుకో.

నాగరాజు నిన్న పొద్దున పోయాడు. జట్టు కుర్రాళ్ళు మధ్యాహ్నమే వెళ్ళిపోయారు. చీకటి పడేముందు నేనూ వచ్చేశాను. లత, పాప ఆ ఇంట్లో ఉన్నారు.