చావింటి మిరపకాయ

ఊరంతా గౌరవంగా "దోన్యా" అని పిలిచే ప్రిమితీవా గారి వయస్సు డెబ్బై ఎనిమిది సంవత్సరాలు. న్యూ మెక్సికో కొండలలోని రింకోన్ కాలువ సంఘానికి కార్యదర్శి అయిన ఎలిజియో గారు ఆమెను నలభై యేళ్ళుగా ఎరుగుదురు. ఆమె నడవడిలో చెప్పుకోదగిన లోపం ఒక్కటే. ఊరిలో ఎవరు మరణించినా పరామర్శకు వెళ్ళి, ఆ ఇంటి వంటగది గోడకు వేలాడే ఎండుమిరప దండనుండి ఒక కాయను తెంపుకొని వచ్చేవారు.

శవపేటిక వద్ద ఆమె నిలిచే సమయం స్వల్పం. నాలుగేళ్ళ క్రితం ఫెలిసిటాస్ గారి అంత్యక్రియలనాడు కుమారుడు ఒనెసీమో ఆమెను దండ వద్దనే పట్టుకున్నాడు.

"అత్తా, అమ్మ ఇంకా ఇంట్లోనే ఉంది. కాస్త ఆగలేవా?"

"ఆగితే మీ ఆవిడ కూరలో వేసేస్తుంది."

కాయతోపాటు పిడి విరిగిన కప్పు ఒకటి కూడా ఆమె సంచిలోకి చేరింది. నాటినుండి ఆమె ఎవరి ఆరోగ్యం విచారించినా వారికి గుండె జారేది.

"ఎలిజియో, దగ్గు ఎలా ఉంది?"

"తగ్గింది దోన్యా, పూర్తిగా తగ్గింది" అంటూనే ఆయన వంటింటి తలుపు మూసేవారు.

వసంతంలో కాలువ పూడిక తీయడానికి పార పట్టే మనిషిని పంపని ఇంటికి ఆ యేడు నీరు లేదన్నది సంఘ నియమం. ఈసారి ప్రిమితీవా గారు, మోకాళ్ళు వంగకపోయినా, తామే వచ్చి, పార మీద ఆనుకొని, సాయంత్రం వరకు ఇతరుల పనిలో తప్పులెంచారు. దానిని పనిగా లెక్కించడానికి వీలుపడలేదు. కాలువ పెద్ద అయిన ఒనెసీమో ఆమె తూము మూయించాడు. జూన్ నెలలో చినుకు పడలేదు.

మూసిన ఆ తూముకు తాళం కూడా వేయడానికి ఒనెసీమో, ఎలిజియో గారు కలిసి వెళ్ళారు. పెరటిలో మిరప సాళ్ళు పాత దోమతెరలు కప్పుకొని, వరుసగా పడుకోబెట్టిన శవాలవలె ఉన్నాయి. మొక్కలు తలలు వాల్చాయి. ప్రతి సాలు మొదట ఒక కర్ర, దానికొక గరిటెయో మూతయో వేలాడుతున్నది. ప్రిమితీవా గారు గిన్నెలు కడిగిన నీటిని సాలుకొక చెంబు చొప్పున పోస్తున్నారు. పిడి విరిగిన కప్పు దగ్గర ఒనెసీమో ఆగిపోయాడు.

"ఇదేంటత్తా?"

"మీ అమ్మ. అంటే, ఆవిడ కాయలోని గింజలు."

"మరి ఈ తెరలు?"

"తేనెటీగలు ఈ సాలు పుప్పొడి ఆ సాలుకు పూసేస్తాయి. బతికుండగా మీ అమ్మకీ పక్కింటావిడకీ పడేదా? ఇప్పుడు కలిపేయమంటావా?"

ఒనెసీమో తెర అంచు ఎత్తి మొక్కలను చూశాడు.

"ఆవిడ పోయింది, సరే. ఆవిడ కూర కూడా పోవాలా? విత్తనం అడుగుతారేమోనని నాలుగేళ్ళు చూశాను. ఒక్కరూ రాలేదు. అంతా దుకాణం పొడే తింటున్నారుగా."

ఆమె లోపలికి వెళ్ళి, ఆ సాలులో నిరుడు కాసిన కాయలు దంచిన ఎర్రని కారం చిటికెడు తెచ్చి అతని అరచేతిలో పోశారు. అతడు నాలుకకు అద్దుకొని, కప్పు వైపు చూశాడు.

"ఇంకొంచెం ఉందా అత్తా?"

"తూము తెరువు, చూద్దాం."

నియమాన్ని సడలించే అధికారం సభకే గాని కాలువ పెద్దకు లేదు. కావున ఎలిజియో గారు సభ్యులకు సవినయంగా మనవి చేసినది ఏమనగా: దోన్యా ప్రిమితీవా గారు తప్పులెంచిన దినాన్ని పూర్తి పనిదినంగా పరిగణించి, ఆమె సాళ్ళలోని వారందరికీ నీటి వంతు పునరుద్ధరించవలెను. ఇకపై మరణం సంభవించిన ఇంటివారే ఒక కాయను స్వయంగా ఆమెకు అందజేయవలెను. దగ్గు తిరగబెట్టిన కారణంగా కార్యదర్శి తన దండలోని మేలైన కాయను ముందుగానే సమర్పించుకున్నాడు. తన కప్పు ఇంకా వాడుకలో ఉన్నందున ఇవ్వలేదు.