కొట్టు వేరు, ఇల్లు వేరు

మెర్ల్ హాన్రహన్ గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఒకే కప్పు కింద, ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న తన కొట్టూ, తన ఇల్లూ రెండు వేరు వేరు దేశాలని ఆవిడ అభిప్రాయం. కొట్లో ఉన్న మెర్ల్ గారికి ఇంట్లో ఉన్న మెర్ల్ ఎవరో తెలియదు. మా సిడ్నీలో వింత మనుషులకు కరువు లేదు గానీ, ఒక్క మనిషే ఇద్దరుగా కాపురం చేయడం నేను అక్కడే చూశాను.

ఇక నా సంగతి. పాత కట్టడాలను కాపాడటం నా వృత్తి. అంటే ఎవరో కట్టిన గోడల ముందు నిలబడి ‘ఆహా’ అనడానికి జీతం తీసుకుంటాను. సొంతింట్లో మేకు కొడితే మాత్రం మేకు తప్ప అన్నీ గోడలోంచి ఊడిపడతాయి.

విక్టోరియా రాణి కాలపు ఆ వీధి మూల కొట్టును చూడటానికి మొదటిసారి వెళ్లి, పక్కనున్న ఇంటి తలుపు కొట్టాను. పూల గౌనులో ఆవిడే తీసింది.

“రా నాయనా, ఎండన పడి వచ్చావు. నిమ్మరసం తాగుతావా?”

“ముందు కొట్టు చూస్తానండీ.”

“అయితే ఇక్కడికెందుకొచ్చావు? కొట్టు ఆ మూల మీదుంది. అక్కడికెళ్లు” అని తలుపు వేసేసింది.

చుట్టూ తిరిగి వెళ్లేసరికి ఆవిడ మధ్య తలుపులోంచి కొట్లోకి వచ్చేసి, ఏప్రన్ కట్టుకుని, బల్ల వెనక నిలబడి ఉంది.

“ఏం కావాలండీ?”

“నేనేనండీ! ఇప్పుడే ఇంటి దగ్గర...”

“మిమ్మల్ని ఎప్పుడూ చూసిన గుర్తు లేదే. ఈ వీధికి కొత్తా?”

కంగారులో బూట్ల పాలిష్ డబ్బా కొనుక్కుని బయటపడ్డాను. నాకు బూట్లు లేవు.

ఆ ఏడే పురపాలక సంఘం వాళ్లు ఒక కబురు పంపారు. బస్సులు మలుపు తిరగడానికి చోటు చాలడం లేదట. కొట్టు పడగొట్టి, ఇల్లు మాత్రం ఉంచుతారట. నాకు రోషం వచ్చింది. ఇటుక ఇటుకా తడిమి చూశాను. కొట్టూ ఇల్లూ ఒకేసారి, ఒకే చేత్తో కట్టినవే. గోడలు ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయాయి. కొట్టు నడుపుకునే సంసారం కొట్టు పక్కనే బతికిన తీరు చెక్కుచెదరకుండా మిగిలింది అక్కడే. దాని విలువంతా ఆ కలిసి ఉండటంలోనే ఉంది. రెండూ ఒకటేనని తేలితే కొట్టు బతికినట్టే.

పరుగున వెళ్లి అలవాటుగా తప్పు తలుపే కొట్టాను.

“మెర్ల్ గారూ, రెండూ ఒకటేనని పురపాలక సంఘం సభలో ఒక్కమాట చెప్పండి. కొట్టు నిలబడుతుంది!”

“కొట్టు సంగతి కొట్లో మాట్లాడు, నాయనా.”

మళ్లీ ప్రదక్షిణ. కొట్లో కోరల్ అనే ముసలావిడ కూర్చుని ఉంది. రోజూ ఒక్క నిమ్మకాయ కొనడానికి వచ్చి గంటసేపు కూర్చుంటుంది.

“మీ మోకాలు ఎలా ఉందండీ ఇవాళ?” అని ఆవిణ్ణి అడుగుతోంది మెర్ల్ గారు.

నేను నా పాట అందుకున్నాను. మెర్ల్ గారి మొహం పాలిపోయింది.

“అబద్ధం చెప్పలేనండీ. కొట్టు వేరు, ఇల్లు వేరు. పాలిష్ ఇమ్మంటారా?”

సభ రోజున అధ్యక్షుడు ఆవిణ్ణి సూటిగా అడిగాడు.

“అమ్మా, రెండూ ఒకటేనా?”

ఆవిడ వెనక వరుస వైపు ఒకసారి చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“వేరండీ” అంది.

నా ప్రాణం ఉసూరుమంది. ఇంతలో వెనక వరుసలోంచి కోరల్ లేచింది.

“అది నా చెల్లెలండీ. అమ్మ పియానో ఎవరికి దక్కాలని గొడవపడి, దాని ఇంటి గడప జన్మలో తొక్కనని ఒట్టేశాను. మా ఇద్దరికీ వాయించడం రాదు, అది వేరే సంగతి. కొట్టు ఇల్లు కాదంటే నేను వస్తానని, ఇన్నేళ్లూ ఇది ఈ వేషం వేస్తోంది.”

“మరి రెండూ ఒకటేనా అంటే మీ మాటేమిటి?” అన్నాడు అధ్యక్షుడు.

“ఒకటే ఇల్లు! ఇది కూర మాడ్చినప్పుడల్లా కంపు కొట్లోకే వస్తుంది. నాకు తెలియక కాదు. తెలుసంటే నేను రావడం మానుకోవాల్సి వస్తుందని నోరు మూసుకున్నాను.”

“నేనెప్పుడు మాడ్చానక్కా?” అని అరిచింది మెర్ల్ గారు. ‘అండీ’ ఎక్కడికి ఎగిరిపోయిందో!

అప్పుడు చూశాను, ఇద్దరిదీ ఒకటే ముక్కు. ఇటుక వయసు చెప్పే మహానుభావుణ్ణి, ఎదురుగా ఉన్న ముక్కు నాకు కనపడలేదు. నా లావుపాటి నివేదికను సభలో ఎవరూ తెరవలేదు. మాడిన కూరే కొట్టును నిలబెట్టింది.

మరి ఒట్టు మాటేమిటి? కోరల్ ఇక రాదేమోనని నాకు బెంగ పట్టుకుంది. మర్నాడే వెళ్లి, జన్మలో మొదటిసారి సరైన తలుపు తోశాను. మధ్య తలుపు బార్లా తెరిచి ఉంది. గడపకు అటు మెర్ల్ గారి కుర్చీ, ఇటు కోరల్ కుర్చీ. గడప మీద టీ పళ్లెం.

“గడప తొక్కనన్నాను. తొక్కానా?” అంది కోరల్, కాళ్లు వెనక్కి లాక్కుంటూ.

నాకూ ఆశ పుట్టింది. “కాస్త టీ దొరుకుతుందా?”

“కొట్లో టీ అమ్మమండీ” అంది మెర్ల్ గారు.

నోరు మూసుకుని చుట్టూ తిరిగి వెళ్లి, ఇంటి తలుపు కొట్టాను.

“అయ్యో, నువ్వా నాయనా! చూసి ఎన్నాళ్లయింది! రా, టీ పెట్టాను” అంది ఆవిడ. కొట్టు వైపు నుంచి కోరల్ నవ్వు వినిపించింది.