రాజుగారి కుడికాలు

దర్జీకి నాటకంలో రాజు వేషం ఇచ్చారని తెలిసి ముందు నవ్వింది అతని భార్యే. "నలుగురిలో నోరు విప్పవు, అన్నన్ని మాటలు ఎలా చెప్తావయ్యా?" అంది.

అతను నాటకం కాగితం ఎదురుగా గోడకి అంటించుకుని, రెండు నెలలు కుట్టుమిషను తొక్కుతూనే రాజు మాటలన్నీ కంఠతా పట్టాడు. పొడుగు కుట్లు వేసేటప్పుడు కోపం మాటలు, కాలరు దగ్గర దుఃఖం మాటలు.

నాటకం రోజు తెర లేచింది. కొడుకు చనిపోయాడన్న కబురు విని రాజు మాట్లాడాలి. దర్జీ నిలబడి నోరు తెరిచాడు. ఒక్క ముక్క రాలేదు. మంత్రి వేషం వేసిన పోస్ట్‌మాన్ మాట అందించినా లాభం లేకపోయింది. ముందు వరసలో భార్యకు పై ప్రాణాలు పైనే పోయాయి.

అతను మెల్లగా వెళ్లి సింహాసనం మీద కూర్చున్నాడు. పట్టు అంగీ అంచు కింద కుడిపాదం ఆడటం మొదలైంది. మడమ, వేళ్లు, మడమ, వేళ్లు. భార్య ఊపిరి పీల్చుకుంది. మాటలు ధారగా వచ్చాయి. హాలంతా కళ్లు తుడుచుకుంది.

తెర పడ్డాక దర్శకుడు పరుగున వచ్చాడు. "బాధతో కాలు అలా వణకాలని మీకు ఎవరు చెప్పారండీ?"

దర్జీ కిరీటం తీస్తుంటే, వేదిక మీదికి వచ్చిన భార్యే అందుకుంది.

"అది వణుకు కాదండీ. ముప్పై ఏళ్లుగా మాకు అన్నం పెడుతున్న కాలు. మీ నాటకం దానికో లెక్కా?"